మనకు సంబంధం ఉంది: అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహిళా విభాగాల బాధ్యులకు, తెలుగు బడి టీచర్లకు నమస్కారం.

నేను అట్లాంటా శివారులో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మా ఊరు ఖమ్మం జిల్లాలో ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చేస్తాను. సంఘం పనులంటే నాకు ఇష్టం. బతుకమ్మకు పూలు సర్దడం దగ్గర్నుంచి ఉగాదికి రెండొందల మందికి పులిహోర కలపడం దాకా చేశాను, ఇకముందూ చేస్తాను. కాబట్టి ఈ ఉత్తరాన్ని బయటివాళ్ళ ఫిర్యాదులా కాకుండా, ఇంట్లో మనిషి మనసులో మాటలా చదవమని కోరుతున్నాను.

పోయిన మార్చిలో మా దగ్గర మహిళా దినోత్సవం చేసుకున్నాం. ఇక్కడి బళ్ళలో మార్చి నెలంతా మహిళల చరిత్ర మాసం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆ నెల ఒక ప్రాజెక్టు ఇచ్చారు. తను ఇక్కడి నల్లజాతి వాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన ఫ్యానీ లూ హేమర్ అనే ఆవిడను ఎంచుకుంది. బడిలో ఇంగ్లిష్‌లో చెప్పాక, “అమ్మా, మన ఫంక్షన్‌లో తెలుగులో చెప్తా” అంది. రెండు ఆదివారాలు కూర్చుని ఇద్దరం తెలుగులో రాశాం. యజమాని భూమిలో చాకిరీ చేసి పంటలో వాటా తీసుకునే పద్ధతికి తెలుగులో ఏమనాలో తనకు తెలియలేదు. మా నాన్నమ్మ “పాలుకు చేయడం” అనేదని చెప్పాను. ఆ మాట తన చేతిరాతతో రాసుకుంది.

కార్యక్రమం చూసుకుంటున్న అక్కను ఐదు నిమిషాలు అడిగాను. ఆవిడ చదివి, “పాప ఎంత బాగా రాసిందో! కానీ మన ప్రోగ్రామ్‌కి సంబంధం లేదు కదమ్మా. ఝాన్సీ లక్ష్మీబాయి గురించి చెప్పించకూడదూ?” అన్నారు. ఆవిడ మంచావిడ. మాకు కోవిడ్ వచ్చినప్పుడు పది రోజులు గుమ్మం ముందు క్యారేజీ పెట్టి వెళ్ళిన మనిషి. చెడుగా అన్న మాట కాదది. అందుకే ఎక్కువ ఆలోచించాను. నిజంగానే సంబంధం లేదా? ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కారు డాష్‌బోర్డులో పడేసింది. ఆ తర్వాత నెలల తరబడి నేను చదివిందీ, వెళ్ళి చూసిందీ ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

మనం ఇక్కడికి ఎలా వచ్చాం అని ఎవరైనా అడిగితే కష్టపడి చదివాం, వీసా వచ్చింది, వచ్చాం అంటాం. అది నిజమే. కానీ మనకన్నా ముందు తరాల్లో తెలివైనవాళ్ళు, కష్టపడేవాళ్ళు లేరా? ఉన్నారు, తలుపు మూసి ఉంది. 1917 చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి వలసలను ఆపేసింది. భారతీయులకు ఈ దేశ పౌరసత్వం పొందే అర్హత లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో కాస్త సడలించి కోటా ఇచ్చారు, ఏడాదికి 100 మంది. భారతదేశం మొత్తానికి వంద. మా ఊళ్ళో ఒక మోస్తరు పెళ్ళికి ఒక్క బంతిలో అంతకన్నా ఎక్కువ మంది కూర్చుంటారు.

1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం దగ్గర కూర్చుని కొత్త వలస చట్టంపై సంతకం చేశాడు. పుట్టిన దేశాన్ని బట్టి తక్కువ ఎక్కువ చేసే పాత కోటాలు పోయాయి. 1968 జులై నుంచి పూర్తిగా అమలైన ఆ చట్టం కింద ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 దాకా వీలు దొరికింది. వంద ఎక్కడ, ఇరవై వేలు ఎక్కడ! మన మొదటి తరం డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ దారిలోనే వచ్చారు. తర్వాతి తరాల మనమంతా వాళ్ళ వెనకాలే వచ్చినవాళ్ళం.

మరి 1965లోనే ఎందుకు? అంతకుముందు పదేళ్ళుగా ఈ దేశపు నల్లజాతి జనం వీధుల్లోకి వచ్చి, రంగు చూసి మనిషికి విలువ కట్టడం ఇక చెల్లదని తెగేసి చెప్పారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. రెండు నెలలు తిరగకుండా వలస చట్టం వచ్చింది. ఇంట్లో తప్పయింది గుమ్మం దగ్గర ఒప్పెలా అవుతుందన్న ప్రశ్న అప్పటికి ఎవరూ తప్పించుకోలేనిదైంది. ఈ మూడు బిల్లులూ ప్రతినిధుల సభలో ఒకే న్యాయ కమిటీ చేతుల మీదుగా వెళ్ళాయి. దాని ఛైర్మన్ ఇమాన్యుయెల్ సెల్లర్. వలస చట్టానికి ఆయన పేరే ఉంది. ఆ పేరు మనలో కొందరికైనా తెలుసు. ఆ చట్టానికి రోజులు తెచ్చినవాళ్ళలో వంటవాళ్ళూ కూలీలూ టీచరమ్మలూ ఉన్నారు. వాళ్ళ పేర్లే మన సభల్లో వినపడవు.

మా అమ్మాయి రాసుకున్న ఆవిడ దగ్గర మొదలుపెడతాను. ఫ్యానీ లూ హేమర్ 1917 అక్టోబర్ 6న మిసిసిపీలో పుట్టింది. ఇరవై మంది సంతానంలో చివరిది. ఆరేళ్ళకే పత్తి ఏరడం మొదలుపెట్టింది. మా ఖమ్మం వైపు పత్తి చేను ఎరిగినవాళ్ళకు ఈ ఒక్క ముక్క చాలు. ఎండిన పత్తికాయ అంచులకు వేళ్ళు చీరుకుపోతాయి, సాయంత్రానికి నడుం లేవదు, తీరా తూకం దగ్గర మోసం. పెద్దయ్యాక, చదవడం రాయడం వచ్చినందుకు ఆవిడకు తోటలో లెక్కలు రాసే పని ఇచ్చారు. యజమాని దగ్గర లేనప్పుడు దొంగ గుండు పక్కన పెట్టి సరైన గుండుతో తూచేదట. చేతిలో ఉన్న కాస్త అధికారాన్ని ఆవిడ అలా వాడింది.

1961లో చిన్న కణితి తీస్తామని ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరు ఆవిడను అడగకుండానే గర్భసంచి తీసేశాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళకు అలా జరగడం ఎంత మామూలంటే, దానికి జనం ఒక పేరే పెట్టుకున్నారు. మా అమ్మాయి ఈ సంగతి తన కాగితంలో రాయలేదు. నేనే వద్దన్నాను. ఇప్పుడు అలా అని ఉండకూడదనిపిస్తోంది.

ఆ మరుసటి ఏడు ఆగస్టులో ఊరి చర్చిలో ఒక మీటింగ్ జరిగింది. నల్లవాళ్ళకు కూడా ఓటు హక్కు ఉంటుందని ఆవిడ అప్పుడే మొదటిసారి విన్నది. అప్పటికి వయసు నలభై నాలుగు. ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. ఆడవాళ్ళకు ఓటు హక్కు ఇచ్చిన 19వ సవరణ 1920లో వచ్చింది. ఆవిడకు మూడేళ్ళు నిండకముందే వచ్చిన హక్కు ఉందన్న సంగతి నలభై రెండేళ్ళ తర్వాత గానీ చెవిన పడలేదు.

1962 ఆగస్టు 31న పద్దెనిమిది మంది ఒక పాత బస్సెక్కి ఇరవై ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఇండియనోలాలోని కోర్టు భవనానికి వెళ్ళారు. ఓటరుగా చేరాలంటే పరీక్ష రాయాలి. రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక సెక్షన్ ఇచ్చి దానికి అర్థం వివరించమన్నారు. “గుర్రానికి క్రిస్మస్ గురించి ఎంత తెలుసో నాకు ఆ చట్టం గురించి అంతే తెలుసు” అని ఆవిడ తర్వాత చెప్పింది. ఫెయిలైంది. తిరుగు దారిలో పోలీసులు బస్సును ఆపారు. కారణమేమిటంటే, బస్సు మరీ పసుపు రంగులో ఉందట. స్కూలు బస్సులా ఉందని జరిమానా వేశారు. అందరూ జేబులు తడుముకుని చందా వేసుకుని కట్టారు. బస్సులో జనం భయంతో బిగుసుకుపోయి ఉంటే ఆవిడ ప్రార్థన పాట ఎత్తుకుంది. ఒక్కొక్కరే గొంతు కలిపారు.

ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. తోట యజమాని వచ్చి, దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదంటే ఇక్కడ చోటు లేదన్నాడు. పద్దెనిమిదేళ్ళు పని చేసిన చోటది. “నేను మీ కోసం పేరు రాయించుకోవడానికి వెళ్ళలేదు, నా కోసం వెళ్ళాను” అంది. ఆ రాత్రే ఇల్లు వదిలింది. పది రోజుల తర్వాత ఆవిడ తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేలాయి. అయినా మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. 1963 జనవరిలో పాసైంది. తీరా ఓటు వేయబోతే, రెండేళ్ళ పోల్ ట్యాక్స్, అంటే ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను, రశీదులు చూపించమన్నారు.

1963 జూన్‌లో ఒక శిక్షణకు వెళ్ళి తిరిగి వస్తుంటే వినోనా అనే ఊళ్ళో పోలీసులు పట్టుకున్నారు. జైల్లో ఇద్దరు నల్లజాతి ఖైదీల చేతికి లాఠీ ఇచ్చి, వాళ్ళ చేతనే ఆవిడను కొట్టించారు. కిడ్నీ దెబ్బతింది. ఆ దెబ్బల నుంచి జీవితాంతం పూర్తిగా కోలుకోలేదు.

1964 ఆగస్టు 22న, అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు, పూల గౌనులో చేతిసంచితో కూర్చుని ఆవిడ ఇదంతా చెప్పింది. రాసుకొచ్చిన కాగితం లేదు. ఎనిమిది నిమిషాల పాటు మాట్లాడింది. టీవీలో నేరుగా వస్తోంది. వైట్‌హౌస్‌లో జాన్సన్‌కు టెన్షన్ పట్టుకుంది. కెమెరాలు తన వైపు తిరగాలని అప్పటికప్పుడు ప్రెస్‌మీట్ పెట్టాడు. కానీ ఆ రాత్రి ఛానళ్ళు ఆవిడ మాటలను మళ్ళీ వేశాయి, పగటి కన్నా ఎక్కువ మంది చూశారు. నోరు మూయించడానికి, మహాసభలో మిసిసిపీ తరఫున కూర్చుంటామన్న ఆవిడ బృందానికి పార్టీ రెండు సీట్లు ఇస్తామంది. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని ఆవిడ అనేసింది. ఏడాది తిరగకముందే అదే జాన్సన్ ఓటు హక్కు చట్టంపై సంతకం చేశాడు.

ఆ ఎనిమిది నిమిషాల వీడియోను మా అమ్మాయి నాకు చూపించింది. ఇంగ్లిష్ యాస నాకు సగమే అర్థమైంది. కానీ ఆ గొంతు విన్నప్పుడు, పంచాయతీలో నలుగురు మగవాళ్ళ ముందు లేచి నిలబడి న్యాయం అడిగిన మా ఊరి లక్ష్మమ్మత్త గుర్తొచ్చింది.

ఓటుతోనే ఆవిడ ఆగిపోలేదు. 1969లో భూమి కొని సహకార వ్యవసాయం మొదలుపెట్టింది. పందుల బ్యాంకు పెట్టింది. పేద కుటుంబానికి ఒక ఆడ పంది పిల్లను ఇస్తారు, అది ఈనాక కొన్ని పిల్లలను తిరిగి బ్యాంకుకు ఇవ్వాలి, అవి ఇంకో ఇంటికి వెళ్తాయి. మన పల్లెల్లో పొదుపు సంఘాల మహిళలకు ఈ లెక్క చెప్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. 1977 మార్చి 14న, యాభై తొమ్మిదేళ్ళకే కన్నుమూసింది. ఆ భూమిలోనే ఆవిడ సమాధి ఉంది.

వేసవి సెలవుల్లో మేం ముగ్గురం మాంట్‌గోమరీ వెళ్ళాం. అట్లాంటా నుంచి ఐ-85 మీద నూట అరవై మైళ్ళు. అలబామా సరిహద్దు దాటగానే ఫోనులో గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. ఊరి నడిబొడ్డున రోజా పార్క్స్ విగ్రహం ఉంది. 1955 డిసెంబర్ 1న బస్సులో సీటు ఇవ్వనని అరెస్టైన ఆవిడ కథ అందరికీ తెలిసిందే. కుట్టుపని చేసి అలసిపోయి లేవలేదని పిల్లల పుస్తకాల్లో రాస్తారు, అది సగం నిజం కూడా కాదు. అప్పటికే ఆవిడ ఏళ్ళ తరబడి పౌరహక్కుల సంఘం కార్యదర్శి. అత్యాచారానికి గురైన నల్లజాతి ఆడవాళ్ళ కేసుల కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగిన మనిషి.

నన్ను పట్టి నిలిపింది ఆ రాత్రి జరిగిన ఇంకో పని. పార్క్స్ అరెస్టు సంగతి తెలియగానే కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే జో యాన్ రాబిన్సన్ అర్ధరాత్రి కాలేజీకి వెళ్ళింది. ఒక తోటి ఉద్యోగి, ఇద్దరు విద్యార్థులు తోడు. ఒక్కో కాగితంపై మూడుసార్లు అదే విజ్ఞప్తి వచ్చేలా సైక్లోస్టైల్ చేసి, మూడు ముక్కలుగా కోసి, తెల్లవారుజాముకు వేలాది కరపత్రాలు సిద్ధం చేశారు. సోమవారం బస్సు ఎక్కొద్దు అన్నదే అందులో మాట. పొద్దున ఎనిమిదింటికి మామూలుగా క్లాసు చెప్పి, ఆ తర్వాత కట్టలు పంచడానికి బయల్దేరింది. ఒక్క రోజుకని పిలుపిచ్చిన ఆ బహిష్కరణ 381 రోజులు సాగింది. బస్సుల్లో ఎక్కువగా తిరిగేది తెల్లవాళ్ళ ఇళ్ళలో వంటలు, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు. పొద్దునా సాయంత్రం నడిచింది వాళ్ళే.

అదే ఊళ్ళో డెరికోట్ వీధిలో ఒక చిన్న ఇంటి ముందు ఫలకం ఉంది. జార్జియా గిల్మోర్ ఇల్లది. వంటలు చేసే మనందరికీ దగ్గరి మనిషి అనుకుంటాను. ఆరుగురు పిల్లల తల్లి, మంత్రసాని, ఒక భోజనశాలలో వంటమనిషి. ఒకసారి బస్సులో ముందు డబ్బులు కట్టాక, డ్రైవరు దిగి వెనక తలుపు నుంచి ఎక్కమన్నాడు. దిగింది. బస్సు వెళ్ళిపోయింది. ఈ సంగతి 1956లో మార్టిన్ లూథర్ కింగ్ మీద నడిచిన విచారణలో సాక్షిగా నిలబడి చెప్పింది. ఉద్యోగం ఊడింది. కింగ్ ప్రోత్సాహంతో ఇంట్లోనే వంట మొదలుపెట్టింది.

అంతకు ముందే, బహిష్కరణ మొదలైన రోజుల్లోనే, ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి చికెన్ శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ బృందానికి పెట్టుకున్న పేరుకు అర్థం ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఎక్కడిదీ కాదని చెప్పొచ్చు. వండేవాళ్ళ పేర్లు బయటపడితే వాళ్ళ ఉద్యోగాలు కూడా పోతాయి మరి. సోమవారం రాత్రి చర్చిలో సభ జరిగేది. ఆవిడ లేచి ఆ వారం వసూలైన మొత్తం చెప్పేది, జనం చప్పట్లతో హోరెత్తించేవారు. పనులకు వెళ్ళేవాళ్ళను దింపిన కార్లలో పెట్రోలు ఆ డబ్బుతో పోయించినదే. 1990 మార్చిలో, ఓటు హక్కు కోసం జరిగిన సెల్మా పాదయాత్రకు ఇరవై ఐదేళ్ళు నిండిన సందర్భంగా, నడవడానికి వచ్చేవాళ్ళ కోసం వంట చేస్తూ ఆవిడ చనిపోయింది. ఆవిడ వండిన వంటనే, చూడ్డానికి వచ్చిన వాళ్ళకు ఇంటివాళ్ళు వడ్డించారు.

ఆ ఫలకం ముందు నిలబడి మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మన ఫంక్షన్లలో వెనక వంటింట్లో నిలబడే ఆడవాళ్ళకు వేదిక మీద ఒక శాలువా కూడా కప్పడం లేదని గుర్తొచ్చింది నాకు. అది ఇంకో ఉత్తరం రాయాల్సిన సంగతి.

తెలుగు బడి టీచర్లకు ఒక కథ చెప్పాలి. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌కు చెందిన సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ నలభై ఏళ్ళు పాఠాలు చెప్పింది. 1956లో, పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు ఉద్యోగం తీసేశారు. పెన్షన్ కూడా పోయింది. 1957 జనవరిలో జాన్స్ ఐలండ్ అనే దీవిలో ఒక బడి మొదలైంది. ముందు కిరాణా కొట్టు, వెనక గదిలో బడి. బయట నుంచి చూసేవాళ్ళకు అనుమానం రాకుండా అలా కట్టారు. అక్కడ చదువు చెప్పడానికి క్లార్క్ పట్టుబట్టి తెచ్చింది తన బంధువు బెర్నీస్ రాబిన్సన్‌ను. ఆవిడ టీచరు కాదు, జుట్టు అలంకరించే పని చేసేది. నాకు పాఠాలు చెప్పడం రాదంటే, అందుకే నువ్వు కావాలన్నారు. సొంత పని చేసుకునే మనిషి కాబట్టి ఉద్యోగంలోంచి తీసేస్తామని ఏ తెల్ల యజమానీ బెదిరించలేడు. పెద్ద వయసు వాళ్ళు రోజంతా పొలంలో పనిచేసి వచ్చి రాత్రి కూర్చునేవాళ్ళు. సొంత పేరు సంతకం చేయడం, పోస్టులో సామాన్లు తెప్పించుకునే ఫారం నింపడం, ఆ తర్వాత ఓటు పరీక్షలో అడిగే రాజ్యాంగం చదవడం నేర్చుకున్నారు. అలాంటి బడులు దక్షిణాది అంతటా వందల్లో పుట్టాయి. హేమర్ వినోనాలో అరెస్టైంది ఈ బడుల శిక్షణ నుంచి తిరిగి వస్తున్నప్పుడే.

ఆదివారం పొద్దున నిద్రమొహాలతో వచ్చే పిల్లలకు అ ఆ దిద్దించే మీరు ఆ గదిని సులువుగా ఊహించుకోగలరు.

ఇంకా ఎందరో ఉన్నారు. పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే అదే ఊళ్ళో సీటు ఇవ్వనని అరెస్టైన పదిహేనేళ్ళ క్లాడెట్ కోల్విన్ ఉంది. బస్సుల్లో వివక్షను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళి కొట్టేయించిన కేసులో ఆ పిల్లా ఒక వాది, నలుగురూ ఆడవాళ్ళే. 1960లో విద్యార్థులను ఒకచోట చేర్చి, మీ సంఘాన్ని మీరే నడుపుకోండని పక్కన నిలబడ్డ ఎల్లా బేకర్ ఉంది. ఆడపిల్ల అని మెడికల్ కాలేజీలు సీటు ఇవ్వకపోతే లా చదివి కాంగ్రెస్‌కు వెళ్ళిన హవాయి మనిషి ప్యాట్సీ మింక్ ఉంది. చదువులో ఆడ మగ తేడా చూపకూడదన్న 1972 చట్టం వెనక ఆవిడ పట్టుదల ఉంది. మన అమ్మాయిలు మెడికల్ కాలేజీల్లో చేరుతున్నా, స్కూలు టీముల్లో సాకర్ ఆడుతున్నా ఆ చట్టం నీడలోనే.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. హేమర్ మన కోసం పోరాడలేదు. మన గురించి ఆవిడకు తెలిసి ఉండకపోవచ్చు. 1965 వలస చట్టం చేసిన పెద్దలు కూడా ఆసియా నుంచి ఇంతమంది వస్తారని అనుకోలేదు. అయినా చెట్టు నాటినవాళ్ళు మన కోసం నాటలేదని, దాని నీడలో కూర్చుని వాళ్ళెవరో మాకు సంబంధం లేదు అనగలమా?

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని వాళ్ళు తక్కువ. అది 1883లో పెన్సిల్వేనియా నుంచి వచ్చి, గుంటూరులోనే జీవితం గడిపి, 1930లో అక్కడే పోయిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ పేరు. మన ఊరికి వచ్చి మేలు చేసిన అమెరికా ఆడమనిషిని మనం మరిచిపోలేదు. మనం ఆ అమెరికాకే వచ్చి, ఇక్కడి మేలును ఎందుకు మరిచిపోతున్నాం?

ఇక చెప్పడానికి కష్టమైన మాట. మన ఇళ్ళలో, మన వాట్సాప్ గ్రూపుల్లో నల్లజాతి వాళ్ళను పిలిచే ఒక మాట ఉంది. ఇక్కడ రాయను, మీ అందరికీ తెలుసు. ఇల్లు కొనేటప్పుడు ‘ఆ ఏరియాలో వాళ్ళెక్కువ’ అంటాం. నేనూ అన్నాను, 2009లో, మా మొదటి ఇల్లు చూస్తున్నప్పుడు. మా పిల్లలు ఆ మాటలు వింటూ పెరుగుతున్నారు. ఏ తల్లులు దెబ్బలు తిని మనకు దారి చేశారో, వాళ్ళ మనవరాళ్ళ గురించి మనం అలా మాట్లాడుతున్నాం. ఉపన్యాసాలతో ఇది పోదు. పేర్లు తెలిస్తే, కథలు తెలిస్తే పోతుందని నా నమ్మకం. హేమర్ కథ తెలిశాక ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

అందుకే అడుగుతున్నాను. వచ్చే మార్చి కార్యక్రమంలో చీరల ఫ్యాషన్ షోనూ, పాటలనూ ఏమీ తీసేయొద్దు. అవీ మనకు కావాలి. వాటి మధ్య ఒక అరగంట ఈ ఆడవాళ్ళకు ఇవ్వండి. పిల్లల చేత తెలుగులోనే చెప్పించండి. మన పిల్లలకు ఏకపాత్రాభినయం కొత్త కాదు, బస్సులో పాట ఎత్తుకున్న హేమర్‌ను పన్నెండేళ్ళ పిల్ల వేస్తే ఎలా ఉంటుందో చూడండి. మీ ఊళ్ళో నల్లజాతి చర్చి ఉంటుంది. ఆ రోజులు కళ్ళారా చూసిన పెద్దావిడలు అక్కడ ఇంకా ఉన్నారు. వాళ్ళను ముఖ్య అతిథులుగా పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, మనింటి పెద్దలకు ఇచ్చినట్టే పసుపు కుంకుమలు, జాకెట్టు గుడ్డ ఇచ్చి పంపండి. వాళ్ళకు సమయం తక్కువ ఉంది, మనం ఆలస్యం చేయకూడదు. తెలుగు బడి పుస్తకాల్లో ఒక్క పాఠం చేర్చండి. రాయడానికి మనుషులు కావాలంటే నేనున్నాను, నాలాంటి వాళ్ళు ఇంకొందరు ఉన్నారు.

దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్న సంఘాల వాళ్ళకు ఇంకొక మాట. పిక్నిక్‌లకు బస్సులు మాట్లాడుకుంటున్నాం కదా, ఒక్కసారి మాంట్‌గోమరీకి మాట్లాడదాం. ఓపిక ఉన్నవాళ్ళం అక్కడి నుంచి మిసిసిపీ దాకా వెళ్దాం. రూల్‌విల్‌లో హేమర్ సమాధి పక్కనే ఆవిడ విగ్రహం ఉంది, మైకు పట్టుకుని మాట్లాడుతున్నట్టు.

మా సంఘం వాళ్ళు ఒప్పుకుంటే ఏప్రిల్ రెండో శనివారం అనుకుంటున్నాను. అప్పటికి ఎండలు ముదరవు. పొద్దున ఆరింటికి బయల్దేరితే, గంట కలిసొస్తుంది కాబట్టి అక్కడి టైము ప్రకారం ఎనిమిదిన్నరకు దిగుతాం. యాభై ఐదు సీట్ల బస్సు కనుక్కున్నాను. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం, మిరపకాయ బజ్జీలు నేను చేసి తెస్తాను. మొన్న ‘సంబంధం లేదు’ అన్న అక్కకే మొదట ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు ఆగి, “పాప కాగితం ఉందా? బస్సులో చదివిద్దాం” అన్నారు. డాష్‌బోర్డులోంచి తీసి పెట్టాను.

ఇట్లు,
మీ సంఘాల్లో ఒక సభ్యురాలు, అట్లాంటా